స్క్రమ్మా, కాన్బానా, ఇంకేదైనానా? వరంగల్ టీమ్‌లు ఎలా ఎంచుకోవాలి

2020లో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరుచుకున్నాయి. అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్ మొదలైంది. ఇవి కాక హన్మకొండలో, కాజీపేటలో అద్దె ఇళ్ల పై అంతస్తుల్లో ఐదుగురితోనో పది మందితోనో నడిచే చిన్న కంపెనీలు ఉన్నాయి. ఇలాంటి టీమ్‌లలో ఏదో ఒక రోజు "మనమూ ఎజైల్‌కి (సాఫ్ట్‌వేర్‌ని చిన్న ముక్కలుగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే తీరుకి) మారుదాం" అనే మాట వస్తుంది. ఆ తర్వాత పనులు రాసి పెట్టుకునే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో అకౌంటు తెరుస్తారు, పొద్దున్నే నిలబడి మాట్లాడుకునే మీటింగ్ పెడతారు, రెండు వారాలకో స్ప్రింట్ (అనుకున్న పనులు పూర్తిచేయాల్సిన గడువు) అంటారు. కొన్ని నెలలు గడిచేసరికి మీటింగులు మాత్రం మిగులుతాయి. పని ఎప్పటిలాగే ఆలస్యమవుతుంది, చివరి వారం రాత్రుళ్లు ఎప్పటిలాగే ఉంటాయి.

ఇలా ఎందుకవుతుందంటే, చాలామంది తమ పని ఎలాంటిదో చూసుకోకుండా పక్క కంపెనీ ఏం వాడుతుందో చూసి పద్ధతి ఎంచుకుంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కూర్చుని రాసిన ఎజైల్ ప్రకటనలో 4 విలువలు, 12 సూత్రాలు ఉన్నాయి. రోజూ మీటింగ్ ఎన్ని నిమిషాలు, స్ప్రింట్ ఎన్ని వారాలు అన్నది అందులో ఎక్కడా లేదు. ఆ వివరాలన్నీ స్క్రమ్, కాన్బాన్, ఎక్స్‌పీ (ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్) లాంటి పద్ధతులవి. వాటిలో మనకు సరిపడేదాన్ని మనమే ఎంచుకోవాలి.

పద్ధతి కంటే ముందు చూడాల్సినవి

మొదటిది, పని మీ దగ్గరికి ఎలా వస్తుంది? వచ్చే రెండు వారాలు ఏం చేయాలో ఇవాళ చెప్పగలరా, లేక పొద్దున ఫోన్ మోగితే గానీ తెలియదా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. గత నెల పనుల లిస్టు తీసి, నెల మొదట్లో అనుకున్నవెన్ని, మధ్యలో వచ్చిపడ్డవెన్ని లెక్కపెట్టండి. సగానికి పైగా మధ్యలో వచ్చినవే అయితే జవాబు చాలావరకు తేలిపోయినట్టే.

రెండోది, "ముందు ఇది, తర్వాత అది" అని ఖాయంగా చెప్పే మనిషి ఉన్నారా? ఉంటే, అడిగిన రోజే జవాబు దొరుకుతుందా?

మూడోది, చేసిన పని వాడేవాళ్ల చేతికి ఎన్ని రోజులకు చేరుతుంది? వారానికోసారి రిలీజ్ చేయగలిగే టీమ్‌కి, ఆర్నెల్లకోసారి చేసే టీమ్‌కి ఒకే సలహా పనికిరాదు.

నాలుగోది చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటుంది గానీ, చెప్పుకోకపోతే మిగతావన్నీ దండగ. మీ ఆఫీసులో జూనియర్ ఒకరు "ఈ వారంలో కాదు సార్" అనగలరా? మన దగ్గర చాలా టీమ్‌లలో ఏది అడిగినా వచ్చే జవాబు "అయిపోతది సార్". అది గౌరవంతో, కొంత భయంతో వచ్చే మాట. ఆ మాట మీద ఏ ప్లాన్ కట్టినా నిలబడదు.

| చూడాల్సింది | స్క్రమ్ | కాన్బాన్ | ఎక్స్‌పీ అలవాట్లు | ముందే పూర్తి ప్లాన్ |
|---|---|---|---|---|
| పని ఎలా వస్తే కుదురుతుంది | ఒకటి రెండు వారాలు పెద్దగా మారకుండా ఉంటే | ఎప్పుడంటే అప్పుడు వస్తుంటే | ఎలా వచ్చినా | ఏం కావాలో కాగితం మీద ఖరారైతే |
| ఎవరు తప్పనిసరి | నిర్ణయం తీసుకోగల ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చే మనిషి) | వరుస చెప్పేవాళ్లు. కొత్త పదవులు అక్కర్లేదు | కోడ్ మీద పట్టున్న సీనియర్ | కాంట్రాక్టు చూసుకునే మేనేజర్ |
| మొదట్లో ఇబ్బంది | అంచనాలు తప్పడం, మీటింగుల బరువు | "ఇప్పుడు కొత్తది తీసుకోలేం" అని చెప్పడం | వేగం తగ్గినట్టు అనిపించడం | పెద్దగా ఉండదు, చివర్లో బయటపడుతుంది |
| ఎక్కడ దెబ్బతింటుంది | రోజూ అర్జెంటు పనులు వచ్చే చోట | ఎటు వెళ్తున్నామో ఎవరూ అడగని చోట | మేనేజర్‌కి ఓపిక లేని చోట | మధ్యలో అవసరం మారిన చోట |

స్క్రమ్: నిర్ణయం చెప్పే మనిషి దొరికితేనే

కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఒక సదస్సులో స్క్రమ్‌ను బయటపెట్టారు. దాని నియమాలన్నీ స్క్రమ్ గైడ్ అనే చిన్న పత్రంలో ఉంటాయి. 2010లో మొదటిసారి వచ్చింది, 2020లో మార్చారు. మొత్తం 13 పేజీలు, ఉచితం. సికింద్రాబాద్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి చదవడం మొదలుపెడితే కాజీపేటలో దిగేలోపు అయిపోతుంది. అయినా స్క్రమ్ చేస్తున్నామనే టీమ్‌లలో దాన్ని పూర్తిగా చదివినవాళ్లు తక్కువే. కోర్సుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

స్క్రమ్‌లో స్ప్రింట్ నెలకు మించకూడదు. టీమ్ మామూలుగా 10 మందికి మించదు. ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరే మనిషి, కమిటీ పనికిరాదు. మన ఊళ్ల టీమ్‌లకు చిక్కు వచ్చేది ఇక్కడే. సర్వీస్ కంపెనీల్లో అసలు నిర్ణయం అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. ఇక్కడ ప్రొడక్ట్ ఓనర్ పేరుతో కూర్చున్న బిజినెస్ అనలిస్టు ప్రతిదానికీ "అడిగి చెప్తా" అంటారు. తప్పు ఆయనది కాదు, అధికారం ఇవ్వనివాళ్లది. కానీ సోమవారం అడిగిన సందేహానికి గురువారం జవాబు వస్తే రెండు వారాల స్ప్రింట్‌లో ఏం మిగులుతుంది? స్క్రమ్ మొదలుపెట్టే ముందు క్లయింట్‌తో ఈ ఒక్కటి మాట్లాడుకోండి: ఏయే విషయాల్లో ఇక్కడి మనిషి అడగకుండా నిర్ణయం తీసుకోవచ్చు? చిన్న లిస్టు అయినా పర్వాలేదు, రాతలో ఉండాలి.

రెండో చిక్కు డైలీ స్క్రమ్. 15 నిమిషాల ఈ మీటింగ్ డెవలపర్లు తమలో తాము ఆ రోజు పని సర్దుకోవడానికి. దాన్ని క్లయింట్ టైమ్ కోసం రాత్రి ఎనిమిదిన్నరకు పెడితే (న్యూయార్క్‌లో అప్పుడు వేసవిలో 11, చలికాలంలో 10 గంటలు) అది హాజరు చెప్పుకునే మీటింగ్ అవుతుంది. ఎవరూ "ఇక్కడ ఇరుక్కుపోయాను" అనరు. నా సలహా, పగలు మీకు మీరు 15 నిమిషాలు తెలుగులో కూర్చోండి. క్లయింట్ కాల్ వేరేగా పెట్టుకోండి, దానికి టీమ్ అంతా రానక్కర్లేదు.

పండగల విషయం కూడా ముందే అనుకోవాలి. సద్దుల బతుకమ్మ, దసరా వారం, సంక్రాంతి, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ఇక్కడి ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అలా ఉండాలి కూడా. అప్పుడు స్ప్రింట్‌ని సాగదీయకండి. పొడవు అలాగే ఉంచి పని తక్కువ తీసుకోండి. సాగదీయడం ఒకసారి అలవాటైతే ప్రతి ఆలస్యానికీ అదే మందు అవుతుంది.

స్క్రమ్ బాగా కుదిరేది కొత్త ప్రొడక్ట్ కడుతున్నవాళ్లకు. ఏం చేస్తే కస్టమర్‌కి నచ్చుతుందో ఇంకా తేలని దశలో, రెండు వారాలకోసారి పనిచేసేదాన్ని ముందు పెట్టి "ఇది మీకు పనికొస్తుందా?" అని అడగడం చాలా విలువైన క్రమశిక్షణ. స్క్రమ్‌లో రివ్యూ ఉన్నది దాని కోసమే. స్లైడ్లు చూపించి చప్పట్లు కొట్టించుకునే రివ్యూ అయితే అందులో నేర్చుకునేదేమీ ఉండదు.

కాన్బాన్: ఫోన్ మోగితే పని వచ్చేవాళ్లకు

జపాన్‌లో టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో తాయిచి ఓనో నడిపించిన పద్ధతిని 2000ల్లో డేవిడ్ ఆండర్సన్ సాఫ్ట్‌వేర్ పనికి మలిచారు. ఉన్నది ఉన్నట్టుగా మొదలుపెట్టవచ్చు, ఎవరి పదవీ మార్చనక్కర్లేదు. చిన్న కంపెనీలకు ఇది పెద్ద సుఖం. బోర్డు మీద పనులన్నీ కనిపించేలా పెట్టాలి, ఒకేసారి ఎన్ని పనులు నడవాలో హద్దు పెట్టాలి, ఒక పనికి మొదటి నుంచి చివరి దాకా ఎన్ని రోజులు పడుతుందో కొలవాలి.

ఉదాహరణకు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్ ఒకటి ఉందనుకుందాం. పత్తి సీజన్‌లో, ఆ తర్వాత మిర్చి బస్తాలు వచ్చే రోజుల్లో, కాంటా తూకం బిల్లులోకి సరిగ్గా ఎక్కలేదనో హమాలీ ఖర్చు రెండుసార్లు పడిందనో పొద్దున్నే ఫోన్ వస్తుంది. అవతల రైతు డబ్బు కోసం నిలబడి ఉన్నాడు. "వచ్చే స్ప్రింట్‌లో చూస్తాం" అనే జవాబు అక్కడ చెల్లదు, చెప్పకూడదు కూడా. ఇలాంటి టీమ్ మీద స్క్రమ్ రుద్దితే ప్రతి స్ప్రింట్ ఫెయిలైనట్టే కనిపిస్తుంది, పిల్లలు ఊరికే నిరాశపడతారు. వాళ్లకు కాన్బాన్ సరైనది. అర్జెంటు పనులకు బోర్డు మీద వేరే వరుస ఒకటి పెట్టి, అందులో ఒక్క పనికే చోటు ఇవ్వండి. రెండోది కూడా అర్జెంటే అంటే, మొదటిది అయ్యేదాకా ఆగాలి, లేదా ఏది ఎక్కువ అర్జెంటో యజమాని తేల్చాలి.

హద్దు ఎందుకు పెట్టాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇది: నడుస్తున్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక పనికి సగటున పట్టే వారాలు వస్తాయి. 20 పనులు తెరిచి పెట్టుకుని వారానికి 5 పూర్తిచేస్తుంటే ఒక్కోదానికి సగటున 4 వారాలు. అదే వేగంతో, తెరిచిన పనులు 10కి తగ్గిస్తే 2 వారాలు. ఎవరూ ఎక్కువ కష్టపడలేదు, ఒక గంట కూడా అదనంగా కూర్చోలేదు. కస్టమర్ ఎదురుచూపు మాత్రం సగమైంది. ఈ లెక్క యజమానికి ఒక్కసారి బోర్డు మీద వేసి చూపించండి.

ఇందులో కష్టం "ఇప్పుడు తీసుకోలేం" అనడమే. పాత కస్టమర్, పైగా చుట్టం, ఫోన్ చేస్తే కాదనడం మన దగ్గర అంత తేలిక కాదు. అందుకే ఆ మాట చెప్పే బాధ్యత జూనియర్ మీద పడేయొద్దు. ఫోన్ ఎత్తే మనిషి ఒకరే ఉండాలి, వాళ్లకు యజమాని అండ ఉండాలి.

ఇంకో లోపం ఉంది. వచ్చిన పని వచ్చినట్టు చేసుకుంటూ పోతే ప్రొడక్ట్ ఎటు వెళ్తోందో ఆలోచించే పూట రాదు. సీజన్ లేని నెలల్లో, నెలకోసారి ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో వాళ్ల గద్దె దగ్గరే కూర్చుని మాట్లాడే పని కూడా బోర్డు మీద కార్డుగా పెట్టండి.

ఎక్స్‌పీ: ఫ్రెషర్లు ఎక్కువ ఉన్న టీమ్‌లకు

1990ల్లో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టులో కెంట్ బెక్ రూపుదిద్దిన పద్ధతి ఇది. ఇద్దరు ఒకే స్క్రీన్ ముందు కూర్చుని కోడ్ రాయడం, టెస్టు ముందు రాసి తర్వాత కోడ్ రాయడం, రోజూ అందరి కోడ్‌నీ కలిపి చూసుకోవడం ఇందులో ముఖ్యం. స్క్రమ్, కాన్బాన్ రెండూ కోడ్ ఎలా రాయాలో చెప్పవు. చేసిన పనే బగ్‌లుగా తిరిగి వస్తున్న టీమ్‌కి ఆ రెండిటిలో ఏది పెట్టినా జబ్బు తగ్గదు.

వరంగల్ టీమ్‌లకు ఎక్స్‌పీ గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్పదలిచాను. ఇక్కడ అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, సీనియర్లు తక్కువ. ఉన్న సీనియర్ రెండేళ్లకు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతే కోడ్‌లో సగం ఎందుకలా ఉందో ఎవరికీ తెలియదు. రోజుకు రెండు గంటలు సీనియర్, జూనియర్ కలిసి కూర్చుంటే ఆ తెలివి టీమ్‌లో మిగులుతుంది. "ఇద్దరి జీతం, ఒకరి పని" అని మేనేజర్ అనుకునే మొదటి నెల దాటించాలి. అది దాటించడానికి బగ్‌ల లెక్క ముందు నుంచీ రాసి పెట్టుకోండి, వాదన కంటే అది బాగా పనిచేస్తుంది.

మిగతావి కొంచెం

స్క్రమ్, కాన్బాన్ కలిపి వాడేవాళ్లు దాన్ని స్క్రమ్‌బాన్ అంటారు. సగం కొత్త పని, సగం సపోర్ట్ ఉన్న టీమ్‌కి ఇది నిజంగా నప్పుతుంది. రివ్యూ, రెట్రో (ఏది బాగా జరిగింది, ఏది మార్చుకోవాలి అని టీమ్ మాట్లాడుకునే మీటింగ్) ఉంచుకుని, పనుల మీద హద్దు పెట్టుకోండి.

సేఫ్ (SAFe) అనేది చాలా టీమ్‌లను కలిపి నడిపే ఎజైల్ పద్ధతి, పెద్ద కంపెనీలకు. అందులో ఒక్కో గుంపే 50 నుంచి 125 మంది. పన్నెండు మందితో నడిచే కంపెనీకి దాని ఊసే అక్కర్లేదు. మీ క్లయింట్ అది వాడుతుంటే, వాళ్లు 8 నుంచి 12 వారాలకోసారి పెట్టుకునే ప్లానింగ్ తేదీలు తెలుసుకుని వాటికి సర్దుకుంటే చాలు.

ఇక ప్రభుత్వ టెండర్ తీసుకున్నవాళ్లు. ఏం ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో ఒప్పందంలో రాసి ఉంటే బయటికి ముందే పూర్తి ప్లాన్ తప్పదు, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు. లోపల మాత్రం నెలకోసారి నడిచే సాఫ్ట్‌వేర్‌ని వాడబోయే ఉద్యోగి చేతికి ఇచ్చి చూడండి. సంతకం పెట్టే అధికారి కంటే కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తా చెప్పే మాట ముందు వినండి.

నేర్పేవాళ్లు ఎవరు: ట్రైనింగా, కోచా, మనలో ఒకరా?

కంపెనీలు ఎక్కువగా కొనేది రెండు రోజుల ట్రైనింగ్. అందరినీ ఒక హాల్లో కూర్చోబెడతారు, భోజనం, సర్టిఫికెట్, ఫోటో. పదాలు తెలుస్తాయి, అంతవరకు మంచిదే. కానీ అసలు కష్టం మూడో స్ప్రింట్‌లో వస్తుంది, అప్పటికి ట్రైనర్ ఉండరు. అదే డబ్బుతో ఒకే టీమ్‌కి మూడు నెలలు, రెండు వారాలకో పూట వచ్చే కోచ్‌ని పెట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. హైదరాబాద్ నుంచి రావాల్సిన వాళ్లయితే, రెట్రో, తర్వాతి ప్లానింగ్ ఒకే రోజు పెట్టి ఆ రోజు స్వయంగా రమ్మనండి. మిగతాది వీడియో కాల్‌లో సరిపోతుంది.

కోచ్‌ని మాట్లాడుకునేటప్పుడు మూడు అడగండి. మీరు మేనేజర్‌తో కూడా విడిగా కూర్చుంటారా? మీరు వెళ్లాక ఈ పని చేయడానికి మాలో ఎవరిని తయారుచేస్తారు? రెట్రో తెలుగులో నడపగలరా? మూడోది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో నడిచే రెట్రోలో బాగా మాట్లాడగలిగినవాళ్లే మాట్లాడతారు. పరకాల నుంచో హుజూరాబాద్ నుంచో వచ్చిన టెస్టర్ అమ్మాయికి అందరికంటే ముందు సమస్య తెలిసినా "నో ఇష్యూస్" అని ఊరుకుంటుంది. తెలుగులో అడిగితే, అదీ సార్ లేని గదిలో అడిగితే, చెబుతుంది.

లోపలి మనిషినే తయారుచేసుకోవడం చౌక, నిలకడైనది, కానీ నెమ్మది. ఎవరిని ఎంచుకోవాలన్నప్పుడు పెద్ద గొంతు ఉన్నవాళ్ల వైపు చూడొద్దు, జూనియర్లు ఎవరి దగ్గరికి వెళ్లి సందేహం అడుగుతారో వాళ్లను చూడండి. టీమ్ లీడే స్క్రమ్ మాస్టర్ (స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూసే మనిషి) కూడా అయి, అప్రైజల్ కూడా ఆయనే రాస్తే రెట్రోలో నిజం బయటికి రాదు. వేరే మనిషి లేకపోతే రెండు టీమ్‌లు తమ లీడ్‌లను మార్చుకుని ఒకరి రెట్రో ఒకరు నడపొచ్చు.

స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్లలో ఎక్కువగా అడిగేవి రెండు: సీఎస్‌ఎమ్ (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్), పీఎస్‌ఎమ్ 1 (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్).

| | సీఎస్‌ఎమ్ | పీఎస్‌ఎమ్ 1 |
|---|---|---|
| ఇచ్చేది | స్క్రమ్ అలయన్స్ | స్క్రమ్ డాట్ ఆర్గ్ |
| కోర్సు | తప్పనిసరి | ఐచ్ఛికం |
| పరీక్ష | 50 ప్రశ్నలు, 60 నిమిషాలు | 80 ప్రశ్నలు, 60 నిమిషాలు |
| పాస్ కావాలంటే | 37 సరైన జవాబులు | 85 శాతం |
| రెన్యువల్ | 2 ఏళ్లకోసారి, ఫీజుతో | అవసరం లేదు |

చదువుకుని రాయగలిగినవాళ్లకు పీఎస్‌ఎమ్ 1 చౌక, కానీ నిమిషానికి ఒకటి కంటే ఎక్కువ ప్రశ్నలు, కాబట్టి గైడ్ కంఠతా వచ్చినా చాలదు, అర్థమై ఉండాలి. ఒక్కరే కూర్చుని చదవలేనివాళ్లకు, మంచి ట్రైనర్‌తో మాట్లాడే అవకాశం కావాలనుకునేవాళ్లకు సీఎస్‌ఎమ్ కోర్సు నయం.

మీరు ఎవరైతే ఏది

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు నలుగురు మేజర్ ప్రాజెక్టు చేస్తుంటే, గోడ మీద మూడు గళ్ల (చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి) కాన్బాన్ బోర్డు చాలు, ఒక్కొక్కరికి ఒకేసారి ఒక పని. మీ ప్రాజెక్టు గైడ్ (లెక్చరర్) రివ్యూ తేదీలే మీకు డెమో తేదీలు. స్క్రమ్ పదవులు పంచుకోవద్దు. ఒకరు స్క్రమ్ మాస్టర్ అనుకుంటే కోడ్ రాసేవాళ్లు ముగ్గురే మిగులుతారు.

చిన్న కంపెనీ యజమాని అయితే, కాన్బాన్‌తో మొదలుపెట్టి, కొత్త ప్రొడక్ట్ చేతికొచ్చినప్పుడు ఆ టీమ్‌కి మాత్రమే స్క్రమ్ తెండి. జిరా కొనక్కర్లేదు, తెల్లబోర్డు, రంగు కాగితాలు సరిపోతాయి. ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు ఉంటే ట్రెల్లో అనే ఆన్‌లైన్ బోర్డు ఉచిత ప్లాన్ తీసుకోండి.

సర్వీస్ కంపెనీలో టీమ్ లీడ్ అయితే పద్ధతి మీ చేతిలో ఉండకపోవచ్చు, క్లయింట్ స్క్రమ్ అంటే స్క్రమ్మే. మీ చేతిలో ఉన్నవి పగటిపూట 15 నిమిషాలు, తెలుగు రెట్రో, రోజుకు రెండు గంటల జంట పని. వీటికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

కోర్సు చేసి నేరుగా స్క్రమ్ మాస్టర్ ఉద్యోగం పట్టాలనుకునే ఫ్రెషర్ ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు రెండు మూడేళ్లు టెస్టింగ్‌లోనో డెవలప్‌మెంట్‌లోనో ఉండండి. రిలీజ్ ముందు రాత్రి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి మాటే టీమ్ వింటుంది. సర్టిఫికెట్ ఫీజు ఇంట్లో అప్పు చేసి కట్టాల్సి వస్తే ఇప్పుడే కట్టొద్దు. ఉద్యోగంలో చేరాక కంపెనీనే అడగండి, కొన్ని కంపెనీలు పరీక్ష పాసయ్యాక ఆ డబ్బు తిరిగి ఇస్తాయి.